గాజుపలకలకు పాఠపరిష్కరణ
(రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రాలు – మనం చేయవలసిన పని)

రాజా దీన్‌దయాళ్ పేరెత్తగానే మన అభ్యుదయ సాహిత్యకారుల్లో చాలామంది పెదవి విరుస్తారు. నిజాం కొలువులో ఫోటోలు తీసినవాడు, వైస్రాయిల వెంట తిరిగినవాడు, దర్బారులూ విందులూ పులివేటలూ తప్ప మరేమీ పట్టనివాడు, ఆయన గాజుపలకలు పగిలిపోతే ప్రజలకు పోయేదేమిటి అని వాళ్ళ వాదన. రెండోవైపు ఇంకో గుంపు వుంది. వాళ్ళకు ఆయన ఫోటోలంటే వల్లమాలిన ప్రేమ. ఫలక్‌నుమా మెట్లు, నిజాం తలపాగా, ఏనుగు అంబారీ కనిపిస్తే చాలు, 'ఆ రోజులే వేరు' అని నిట్టూరుస్తారు. క్యాలెండర్లమీదా పెద్ద హోటళ్ళ గోడలమీదా ఆ బొమ్మలు వేలాడుతున్నది వీళ్ళ కోసమే. ఈ రెండు వైఖరులూ పైకి బద్ధవిరోధులుగా కనిపిస్తాయి గానీ, ఒక విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాయి. ఇద్దరూ ఆ ఫోటోల్లో రాజునే చూస్తున్నారు. ఒకరు చూసి మురిసిపోతారు, ఒకరు చూసి ముఖం తిప్పుకుంటారు. చట్రంలో ఇంకా ఎవరున్నారో చూసే తీరిక ఇద్దరికీ లేదు.

నేను మాట్లాడదలుచుకున్నది ఆ మిగతావాళ్ళ గురించి. వాళ్ళను చూడాలంటే ముందు ఆ గాజుపలకలు నిలవాలి. నిలిస్తే చాలదు, చదవటానికి వీలుగా నిలవాలి. తాళపత్రాన్ని చెదలనుంచి కాపాడటం ఒక పని, ప్రతులన్నీ పోల్చి చూసి పాఠాన్ని పరిష్కరించి పీఠికతో ప్రకటించటం ఇంకో పని అని తెలుగు ఎం.ఏ. గడప తొక్కిన ప్రతివాడికీ తెలుసు. ఛాయాచిత్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం మొదటి పనితోనే తృప్తిపడుతున్నాం. పలక పగలలేదు, నకలు తీశారు, అట్టమీద అచ్చువేశారు, ఇంకేం కావాలి అనుకుంటున్నాం. పరిష్కరణ అనేది ఒకటి మిగిలివుందన్న స్పృహే లేదు.

ముందు మనిషి సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలో థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కెమెరా పట్టింది 1870ల నడుమ. ఇండోరు మహారాజు తుకోజీరావు హోల్కరూ, మధ్యభారతంలో బ్రిటిషు ఏజెంటుగా వున్న సర్ హెన్రీ డేలీ ఆయన్ను ప్రోత్సహించారు. 1882–83లో లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి తీసిన ప్రాచీన కట్టడాల ఫోటోలు 89 చిత్రాల పుస్తకంగా 1886లో వెలువడ్డాయి. 1885లో వైస్రాయి డఫ్రిన్ దగ్గర ఫోటోగ్రాఫరు హోదా వచ్చింది. ఆ నాటికే హైదరాబాదు ఆయన్ను పిలిచింది. సికింద్రాబాదులో స్టూడియో, తర్వాత 1896లో బొంబాయిలో మరొకటి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1894లో 'రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. చిత్రకారుడికైనా సరే చివర 'జంగ్' అని ఒక యుద్ధం తగిలిస్తే గానీ గౌరవించినట్టు కాదు ఆ కొలువులో! 1897లో విక్టోరియా రాణి సనదు కూడా వచ్చింది. 1905లో చనిపోయాడు.

ఈ రేఖలో గమనించవలసింది బిరుదులను కాదు. ఆయన నెలజీతం మీద బతికిన డ్రాఫ్ట్స్‌మన్. పరాయి ప్రభుత్వం తన అవసరం కోసం తయారుచేసుకున్న కొత్త సాంకేతిక ఉద్యోగవర్గం నుంచి వచ్చినవాడు. పూర్వపు ఆస్థాన చిత్రకారుడికి ఒక్కడే ప్రభువు. ఈయనకు ఇటు నిజాం, అటు రెసిడెన్సీ. దానికి తోడు సికింద్రాబాదు కంటోన్మెంటులో రొక్కమిచ్చి ఫోటో తీయించుకునే సిపాయి అధికారులు, వాళ్ళ కుటుంబాలు. కొలువులో వుంటూనే బజారులోనూ వున్నాడు. భూస్వామ్యమూ, వలస పాలనా, కొత్త వ్యాపారమూ ఒకే చట్రంలో ఇరుక్కున్న కాలం అది. ఆ ఇరుకే ఆయన ఫోటోల వస్తువు. ఆయన దాన్ని విమర్శించాడని నేను అనటంలేదు. విమర్శించలేదు, విమర్శించే స్థితిలోనూ లేడు. కానీ కెమెరాకు ఒక గుణం వుంది. తీసేవాడు దేనికోసం తీసినా అద్దం ముందున్నదంతా పలకమీదికి వస్తుంది. చిత్రకారుడు నవాబును గీసి గొడుగు పట్టినవాణ్ణి వదిలేయగలడు. ఫోటోగ్రాఫరుకు అంత స్వేచ్ఛ లేదు.

ఇక్కడ ఆ కాలపు పనివిధానం కొంచెం తెలిసివుండాలి. తొలిరోజుల్లో గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు పోసి, దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. ఎండలో అదంతా నిమిషాలమీద జరగాలి గనుక ఫోటోగ్రాఫరు వెంట చీకటిగుడారం, రసాయనాల పెట్టెలు, నీళ్ళు, వాటిని మోసే మనుషులూ కదలాలి. 1880ల నాటికి జెలటిన్ పూసిన పొడి పలకలు కర్మాగారాలనుంచి రావటంతో ఆ హడావుడి తగ్గింది. బరువు మాత్రం తగ్గలేదు. అప్పుడు బొమ్మను పెద్దది చేయటం మామూలు పని కాదు. ఎంత పెద్ద ఫోటో కావాలంటే అంత పెద్ద పలక కావాలి. కోడిగుడ్డు తెల్లసొనా ఉప్పూ పూసి, వెండి లవణంతో సిద్ధం చేసిన కాగితాన్ని ఆ పలకకు ఆనించి ఎండలో పెడితే బొమ్మ దిగేది.

అంటే ఒకే దృశ్యానికి రెండు 'ప్రతులు' వుంటాయి. కాగితం మీది బొమ్మ గిరాకీదారు కోసం తయారైంది. అంచులు కత్తిరించి, మొహం మీది మచ్చలు దిద్ది, అట్టకు అతికించి, ఆల్బంలో పెట్టి ఇచ్చింది. గాజుపలక మాత్రం స్టూడియోలో మిగిలిపోయింది. కత్తిరించకముందటి అంచులు దానిమీదే వుంటాయి. తెర ఎక్కడ ముగిసిందో, తెర పక్కన నిలబడ్డ పనివాడి చెయ్యి ఎంతవరకు వచ్చిందో, దిద్దేవాడు పెన్సిలు ఎక్కడ తిప్పాడో ఇలాంటివి స్టూడియో నెగెటివుల మీద కనిపించే సంగతులు. దీన్‌దయాళ్ స్టూడియో పలకలకు నంబర్లు వేసేది, వివరం కూడా రాసేది. అవి చాలా బొమ్మల అడుగున దిగివుంటాయి. ఆ నంబరు ఒక వరస. ఏ పలక తర్వాత ఏ పలక తీశారో, ఒకే విడిదిలో ఎన్ని తీశారో ఆ వరస పట్టుకుని చెప్పవచ్చు. ఇది అచ్చంగా ప్రతుల పరిశీలనే.

మన సాహిత్యంలో ఇలాంటి పని చేసినవాళ్ళున్నారు. 'కన్యాశుల్కం' 1897 నాటి మొదటి కూర్పు చాలాకాలం అందరూ వినటమే గానీ చూడటం లేని రోజుల్లో బంగోరె దాన్ని వెలికితీసి 1969లో ప్రకటించాడు. అంతవరకు రెండో కూర్పే మనకు కన్యాశుల్కం. మొదటిది బయటికి వచ్చాక గురజాడ దేన్ని పెంచాడో, దేన్ని తీసేశాడో, ఎందుకు మార్చాడో చర్చించటానికి వీలైంది. రచన విలువ తగ్గలేదు. దాని వెనకున్న ఆలోచన కదలిక కనిపించింది. ఆల్బంలోని బొమ్మ రెండో కూర్పు లాంటిది. గాజుపలక మొదటి కూర్పు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే విమర్శకుడు మనకింకా రాలేదు.

ఇంతకీ చదివితే ఏం కనిపిస్తుంది? ఒక ఉదాహరణ తీసుకుంటాను. 1902 ఏప్రిల్. వరంగల్లు జిల్లా నెక్కొండ. వరంగల్లు–మానుకోట రైలుదారిలో ఇప్పటికీ బండి ఆగే వూరు. వైస్రాయి లార్డ్ కర్జన్ అక్కడ విడిదిచేసి పులులను వేటాడాడు. దీన్‌దయాళ్ సంస్థ తీసిన ఆ వేట ఫోటో ప్రపంచమంతా తిరిగింది, ఇంకా తిరుగుతోంది. చచ్చిన పులి, విజేతగా నిలబడ్డ ప్రభువు, కింద 'మొదటి రోజు వేట' అనే అర్థం వచ్చే వివరం, నెక్కొండ పేరు, జిల్లా పేరు. వూరి పేరుంది. వూళ్ళో మనిషి పేరు ఒక్కటీ లేదు.

పులి తనంతట తాను తుపాకి ముందుకు నడిచిరాదు. డప్పులు కొట్టి, కేకలు వేసి, పొదలు చరిచి దాన్ని తోలుకు రావాలి. అడవి తోలేవాడి చేతిలో కర్ర తప్ప ఏమీ వుండదు; తుపాకి పట్టినవాడు మంచెమీదో ఏనుగుమీదో వుంటాడు. సంస్థానంలో అధికారులూ దొరలూ శికారుకు వస్తే చుట్టుపక్కల వూళ్ళవాళ్ళను వెట్టికి పట్టటం, గుడారాలకు కట్టెలూ గడ్డీ నీళ్ళూ మోయించటం, కోళ్ళూ పాలూ ఊరకనే తెప్పించుకోవటం ఎంత మామూలో 'ప్రజల మనిషి', 'చిల్లర దేవుళ్ళు' చదివినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ నవలలు ఆ తర్వాతి దశాబ్దాల జీవితాన్ని చిత్రించాయి. 1902 నాటి ఆ వేటఫోటో అదే జీవితానికి పాలకుల వైపునుంచి మిగిలిన సాక్ష్యం. నవలను ఒక చేత్తో, ఫోటోను ఇంకో చేత్తో పట్టుకుని చదవటం మన విమర్శకు ఎందుకు అలవాటు కాలేదు?

ఇంకో సంగతి. కర్జన్ అప్పుడు హైదరాబాదుకు వచ్చింది పులికోసం మాత్రమే కాదు. 1902 మార్చి చివర మహబూబ్ అలీఖాన్‌తో మాట్లాడి, బేరారును ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వతంగా కౌలుకు ఇవ్వటానికి ఒప్పించాడు. ఆ సంవత్సరం నవంబరులో ఒప్పందం కుదిరింది. సంస్థానంలోని మంచి పత్తినేల అలా పోయింది. ఆ పక్కనే జరిగిన పులివేటకు ఫోటోలున్నాయి. మహబూబ్ అలీఖాన్‌కు ఆ సంభాషణ ఎంత చేదుగా వుండివుంటుందో ఏ ఫోటోలోనూ లేదు, వుండదు. ఆతిథ్యం ఎంత ఆర్భాటంగా కనిపిస్తే వెనక జరుగుతున్న బేరం అంత మరుగున పడుతుంది. పీఠిక లేని ఆల్బం ఈ మరుగునే భద్రపరుస్తుంది. తేదీని తేదీ పక్కన పెట్టి చెప్పే రెండు వాక్యాల పీఠికతో ఆ వేటఫోటో అర్థమే మారుతుంది.

మన పాఠశాలల గ్రూపుఫోటోల అడుగున 'కుర్చీలలో కూర్చున్నవారు (ఎడమనుంచి కుడికి)' అని మొదలై, తర్వాత 'నిలుచున్నవారు' అని ఒక వరస వుంటుంది. నేను పనిచేసిన ఒక బడిలో నలభై ఏళ్ళ గ్రూపుఫోటోలు వరసగా గోడకు వేలాడేవి. ప్రతి ఫోటోలోనూ చివర, సగం చట్రం బయటికి పోయినట్టుగా, గంట కొట్టే మనిషి నిలబడివుండేవాడు. ఎన్నో సంవత్సరాలు అదే మనిషి, జుట్టు మాత్రం తెల్లబడుతూ వచ్చింది. ఒక్క ఫోటో అడుగునా అతని పేరు లేదు. బడికి సున్నం వేసేటప్పుడు ఆ ఫోటోలు దించి అటకమీద పడేశారు. చెదలు పట్టాక అట్టపెట్టెలతో సహా బయట పారేశారు. నెక్కొండ ఫోటోకూ దీనికీ తేడా స్థాయిలోనే గానీ స్వభావంలో లేదు. పేరు లేకపోవటం చెదలకన్నా ముందే జరిగే వినాశనం.

ఇక కరువు ఫోటోల సంగతి. 1899–1900లో నిజాం రాజ్యంలోని మరాఠ్వాడా ప్రాంతం దారుణంగా కరువుపాలైంది. ఔరంగాబాదులో దీన్‌దయాళ్ సంస్థ కరువు బాధితుల ఫోటోలు తీసింది. అవి ప్రభుత్వ సహాయచర్యలకు రికార్డుగా తయారైనవి. కర్జన్ సేకరణలోకీ చేరాయి. ఎముకల గూళ్ళలా మిగిలిన మనుషులను వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఆ బొమ్మలకు పెట్టిన పేరుకు తెలుగు చెప్పుకుంటే 'కృశించటంలో రకాలు' అని వస్తుంది. రకాలు! మొక్కల్లో రకాలు, రాళ్ళల్లో రకాలు, ఆకలిలో రకాలు. ఇది దీన్‌దయాళ్ సొంతంగా కనిపెట్టిన చూపు కాదు. 1868–75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'పీపుల్ ఆఫ్ ఇండియా' ఈ దేశపు కులాలనూ తెగలనూ నమూనాలుగా అచ్చువేసిన పుస్తకం. అంతకంటే దగ్గరి ఉదాహరణ మన ధాత కరువు. 1876–78లో మద్రాసు రాజధానిని ఊడ్చిన ఆ కరువులో హూపర్ అనే సైనికాధికారి చావుకు సిద్ధంగా వున్నవాళ్ళను గుంపులుగా అమర్చి ఫోటోలు తీశాడు. రాయలసీమ పల్లెల నోళ్ళలో ఆ కరువు పేరు ఇంకా మిగిలివుంది. ఆ ఫోటోల్లో మనిషి పేరు ఒక్కటి మిగల్లేదు.

దీనికి ఎదురుగా 1943 బెంగాల్ కరువు ఫోటోలను పెట్టి చూడాలి. కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషీ వెంట, చిత్రకారుడు చిత్తప్రసాద్ తోడుగా తిరిగి సునీల్ జానా తీసిన ఆ ఫోటోలు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో అచ్చయ్యాయి. రెండుచోట్లా శరీరాలు అవే, ఎముకలు అవే. తేడా ఎక్కడుంది? ఔరంగాబాదు ఫోటో అధికారి బల్లమీదికి వెళ్ళింది. బెంగాల్ ఫోటో అచ్చయి జనంలోకి వెళ్ళింది. ఒకటి సహాయం జరుగుతోందని ధ్రువీకరించటానికి, ఇంకొకటి ఆకలి ఎవరివల్ల వచ్చిందో నిలదీయటానికి. ఫోటో ఎవరిని ఉద్దేశించింది అన్న ప్రశ్న వేయకుండా కేవలం ఎవరు తీశారు, ఎంత బాగా తీశారు అని మాట్లాడేది రూపవాదం. అయితే జానా ఫోటోలున్నాయి గనుక ఔరంగాబాదు ఫోటోలు అవసరం లేదనటం కూడా తప్పే. 1900లో మరాఠ్వాడా రైతు కూలీ ఎలా చచ్చాడో చూపటానికి పార్టీ ఫోటోగ్రాఫరు లేడు, పార్టీయే లేదు. వున్న సాక్షి నిజాం ఫోటోగ్రాఫరే. శత్రువు దగ్గరి కాగితాల్లోంచి ప్రజల చరిత్ర తవ్వటం చరిత్రకారులు ఎప్పుడూ చేస్తున్న పనే. పోలీసు రికార్డు లేకపోతే ఎన్ని రైతు తిరుగుబాట్ల చరిత్ర రాయగలిగేవాళ్ళం?

ఇంతవరకు 'దీన్‌దయాళ్ తీశాడు' అని రాస్తూ వచ్చాను గానీ, ఆ మాట కూడా విప్పి చూడవలసిందే. బోర్డుమీద వున్నది 'రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్'. ఒక సంస్థ. కొడుకులు ధర్మచంద్, జ్ఞానచంద్ పనిచేశారు. వాళ్ళు గాక పలకలు కడిగినవాళ్ళు, కాగితానికి పూత పూసినవాళ్ళు, ఎండలో చట్రాలు పెట్టి బొమ్మ దిగేదాకా కనిపెట్టుకుని కూర్చున్నవాళ్ళు, మచ్చలు దిద్దినవాళ్ళు, రంగులు వేసినవాళ్ళు, అట్టలు కత్తిరించినవాళ్ళు. ఒక మహాకళాకారుడు, ఆయన దివ్యదృష్టి అంటూ రాసే వ్యాసాలు ఈ శ్రమనంతా ఒక్క పేరు కింద కప్పేస్తాయి. నేటి పరిశోధకులు కొందరు స్టూడియోను సమష్టి ఉత్పత్తిగా చూడటం మొదలుపెట్టారు. 2013లో వెలువడిన దీపాలీ దేవన్, డెబొరా హటన్‌ల ఇంగ్లీషు గ్రంథం ఈ దారిలో మంచి పని. అంతమాత్రాన ఆయన కన్ను తక్కువదని కాదు. కట్టడాల ఫోటోల్లో నీడ ఎక్కడ పడాలో, మనిషిని ఎక్కడ నిలబెడితే గోపురం ఎత్తు తెలుస్తుందో డ్రాఫ్ట్స్‌మన్ చదువు ఆయనకు నేర్పింది. ఆ నిలబెట్టిన మనిషి మళ్ళీ పేరులేనివాడే, కొలబద్దగా వాడుకున్న కూలీ. అందాన్ని కాదనకుండానే ఈ మాట చెప్పవచ్చు.

ఇప్పుడు ఆ పలకల గతి. ఆయన పోయాక, 1911లో మహబూబ్ అలీఖాన్ కూడా పోయాక, స్టూడియో క్రమంగా వెలతెలబోయింది. పలకలు దశాబ్దాలపాటు కుటుంబం దగ్గరే వున్నాయి. జెలటిన్ పూతకు తేమ శత్రువు; ఉబ్బుతుంది, బూజు పడుతుంది, అంచుల దగ్గర పొరలా లేస్తుంది. గాజు బరువుకు కింది వరసలో పలకలు నెర్రెలిస్తాయి. అన్నిటికీ మించి పూత కడిగేస్తే గాజు కిటికీకో పటానికో పనికొస్తుంది గనుక పాత నెగెటివుకు ఎప్పుడూ గండమే. ఇన్ని గండాలు దాటి మిగిలిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొన్నది. 2010లో వాటినుంచి పెద్ద ప్రదర్శన పెట్టింది. 2006లో హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక ప్రదర్శన జరిగింది, తపాలాశాఖ బిళ్ళ కూడా వేసింది. బొమ్మలు, ఆల్బములు లండను బ్రిటిష్ లైబ్రరీలో, ఢిల్లీ అల్కాజీ సేకరణలో, ఇంకా అనేకచోట్ల చెదిరివున్నాయి. కొని దాచినవాళ్ళు మంచి పని చేశారు, అందులో అనుమానం లేదు. లేకపోతే ఈ వ్యాసానికి వస్తువే వుండేది కాదు.

కానీ దాచటంతో ఆగిపోతే ఏమవుతుందో చూడండి. నెగెటివు ఢిల్లీలో, ఆల్బం లండనులో, వూరు వరంగల్లు జిల్లాలో. మూడూ ఒకచోట కలిసే ఏర్పాటు లేదు. కేటలాగులో నవాబు పేరుకు బిరుదులతో సహా నాలుగు పంక్తులుంటాయి. పక్కనున్న పదిమందికి కలిపి 'పరిచారకులు' అన్న ఒక్క మాట. నకలు తీసేటప్పుడు బొమ్మ 'శుభ్రంగా' వుండాలని అంచులు కత్తిరిస్తే, పలకమీద మాత్రమే మిగిలిన సమాచారం రెండోసారి పోతుంది. ఈమధ్య ఇంకో వింత మొదలైంది. పాత ఫోటోలకు యంత్రం ఊహించిన రంగులు పూసి ఫోన్లలో పంచుకుంటున్నారు. నవాబు షేర్వాణీ ఏ రంగో యంత్రానికెట్లా తెలుసు? ఇవి ప్రక్షిప్తాలు. భారతంలో ప్రక్షిప్త పద్యం కనిపిస్తే ఊరుకోని మన పండితులు వీటిని 'ఎంత సహజంగా వుందో' అని పంపించుకుంటున్నారు.

పరిష్కరణ అంటే నా దృష్టిలో పెద్ద గహనమైన సంగతేమీ కాదు. పలకను అంచులతో, గీతలతో, నంబరుతో సహా పూర్తిగా నకలు తీయాలి. దిద్దిన చోట్లు గుర్తించాలి. అదే పలకనుంచి దిగిన కాగితపు బొమ్మలు ఎక్కడెక్కడున్నాయో, వాటిలో ఏం కత్తిరించారో పాఠభేదాలుగా నమోదుచేయాలి. స్టూడియో రాసిన వివరాన్ని అలాగే వుంచి, తర్వాతివాళ్ళు చేర్చినదాన్ని విడిగా చూపాలి. చట్రంలో ప్రతి మనిషినీ లెక్కలోకి తీసుకోవాలి. పేరు తెలియకపోతే చేస్తున్న పని, కట్టుకున్న బట్ట, పట్టుకున్న వస్తువు రాయాలి. ఈ చివరి పనికి ఢిల్లీ కేటలాగు గుమాస్తా కన్నా తెలంగాణ పల్లె తెలిసిన డిగ్రీ విద్యార్థి ఎక్కువ పనికొస్తాడు. తలకు చుట్టిన రుమాలు తీరు, భుజంమీది గొంగడి, చేతిలోని పనిముట్టు చూసి ఎవరో ఏ వృత్తో ఊహించగలిగేది వాడే. అంటే కళాకేంద్రానికి వూరు కావాలి. ఇది మనం వాళ్ళను దేబిరించటం కాదు.

ఇందులో ఒక చిక్కు వుంది, దాన్ని దాటవేయటం నాకిష్టంలేదు. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. ఒక ఆంగ్ల మహిళ దాన్ని నడిపింది. మగవాడి కన్ను పడకుండా ఎత్తైన గోడలు, కాపలా. ఆ స్త్రీలు ఫోటో తీయించుకున్నది బయటివాళ్ళు చూడరన్న హామీ మీద. ఇవాళ ఆ బొమ్మలను అట్టమీద వేసి అమ్మటం ఆ హామీని తప్పటమే. అలాగని పూర్తిగా తాళం వేస్తే, తన బొమ్మ ఎలా వుండాలో తాను నిర్ణయించుకున్న కొద్దిమంది స్త్రీల చరిత్ర మళ్ళీ చీకట్లోకి పోతుంది. పరిశోధనకు తెరవాలి, వ్యాపారానికి మూయాలి అని నా అభిప్రాయం. గమనించండి: ధనిక స్త్రీకి ఆ రోజుల్లోనే తన బొమ్మ మీద హక్కు దొరికింది, గోడ కట్టించుకునేంత. ఔరంగాబాదులో వరసగా కూర్చోబెట్టిన స్త్రీని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ ఫోటోను పుస్తకాల్లో వేసేటప్పుడు కూడా ఎవరికీ ఆ సంకోచం కలగటంలేదు. గౌరవం చూపవలసివస్తే ముందు అక్కడ మొదలుపెట్టాలి. ఊరికే గుండె కలచివేయటానికి ఆ బొమ్మను వాడకూడదు.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చాడు. అది కేవలం సేకరణ కాదు, వాదం. లేరన్నవాళ్ళ ముందు పేరు పేరునా నిలబెట్టటం. ఆ పని ఉత్తరాలమీద, గోలకొండ పత్రిక పిలుపుమీద, వూరూరా వున్న సామాన్యుల సహకారం మీద జరిగింది. ఫోటోల విషయంలోనూ ఆ పద్ధతి పనికివస్తుంది. మన తెలుగు శాఖల్లో పిహెచ్.డి.లకు ఒకే నవలమీద పదో సిద్ధాంతవ్యాసం రాయించేబదులు, ఒక జిల్లాకు సంబంధించిన దీన్‌దయాళ్ ఫోటోలు ఎన్ని, ఎక్కడున్నాయి, వాటిలో ఎవరున్నారు అని ఒక్క విద్యార్థి చేత చేయించినా మేలు. సాహిత్యశాఖకు ఫోటోలెందుకు అని అడిగేవాళ్ళకు జవాబు, జానపద గేయాలు సాహిత్యశాఖలోకి ఎట్లా వచ్చాయో ఇవీ అట్లాగే వస్తాయి అని.

నెక్కొండ, కేసముద్రం, మానుకోట చుట్టుపక్కల తండాల్లో, పల్లెల్లో పాటలూ వెట్టి కథలూ సేకరించిన మిత్రులు మన సంఘంలోనే కొందరున్నారు. వాళ్ళు మళ్ళీ ఆ వూళ్ళకు వెళ్ళేటప్పుడు టేప్‌రికార్డరుతోపాటు 1902 నాటి ఆ వేటఫోటో నకలు కూడా వెంట తీసుకువెళ్ళాలని నా విన్నపం. నకలు దొరకటం ఇప్పుడు కష్టం కాదు. పెద్దది చేయించి, అంచులు కత్తిరించకుండా అట్టకు అతికించి, రచ్చబండ దగ్గర ముసలివాళ్ళ చేతికివ్వండి. పులిని గురించి కాదు, ఆ రోజుల్లో అడవి తోలటానికి ఎవరి తాతలు వెళ్ళేవాళ్ళో అడగండి.